పదమూడు మైక్రోసెకన్ల ఖాళీ

ఫిబ్రవరిలో ఆ వారం
మూడో నంబరు యంత్రం మీద కాగితం నాలుగుసార్లు తెగింది.

క్యుమి నది ఒడ్డు. ఏడున్నరైనా తెల్లవారని ఊరు.
ఎనిమిది మీటర్ల వెడల్పు, సెకనుకి ఇరవై అయిదు మీటర్ల పరుగు,
ఇంకా తడి ఆరని తెల్లదనం
ఒక రోలరు చేతిలోంచి ఇంకో రోలరు చేతిలోకి.
ముందున్నది రవ్వంత తొందరపడినా
వెనకున్నది రవ్వంత బద్ధకించినా
పిడుగు పడ్డట్టు తెగుతుంది.
ఆపైన గంటసేపు అందరూ
మోకాళ్ల లోతు కాగితంలో.

మేనేజరన్నాడు, దారి వెడల్పు చేద్దామని.
చేశారు.
అయిదోసారి తెగింది.

తైమి, ఆమె పేరుకి వాళ్ల భాషలో నారుమొక్క అని అర్థం,
మూడు రాత్రులు స్విచ్చుల గదిలో
చల్లారిన కాఫీతో కూర్చుంది.
దొంగ దొరికాడు. దొంగేం కాదు పాపం,
కాగితం మీద మచ్చలు వెతికే కెమెరా పంపే బొమ్మ,
పదిహేను వందల బైట్ల భారీకాయం.
రోలరు రోలరుతో అనే మాట గుప్పెడంత:
ఇక్కడున్నాను, ఇంత వేగంతో ఉన్నాను.
చిన్నమాటకే ముందు దారి అని ఏనాడో రాసిపెట్టారు.
కానీ అప్పటికే గడపలో కాలు పెట్టినవాణ్ణి
ఎవరు వెనక్కి లాగుతారు?
ఆయన దాటేదాకా చిన్నమాట వాకిట్లో నిలబడింది.
ఒక్క గడప అయితే లెక్కలోకి రాదు.
పద్నాలుగు గడపలు.
ఒక క్షణం రెండుచోట్ల ఆగి, మరుక్షణం పద్నాలుగు చోట్లా ఆగి.
ఎప్పుడూ ఒకేంత ఆలస్యమైతే
రోలర్లు అలవాటు పడి ఉండేవి.

అప్పుడామె ప్రతి గడపకీ ఒక గడియారం కట్టింది.
కప్పు మీది యాంటెన్నా ఆకాశం నుంచి వేళ వింటుంది,
కింద ఒక పెద్ద గడియారం దాన్ని స్విచ్చు నుంచి స్విచ్చుకి చెబుతుంది,
దారిలో తీగ మింగిన నానోసెకన్లని కూడా కక్కించి.
మిల్లీసెకనుని కోసి వాటాలు వేసింది:
ఈ ముక్క రోలర్లది, ఈ ముక్క కెమెరాది,
మిగిలింది మెయిళ్లకీ, క్యాంటీన్ మెనూకీ,
రాత్రి షిఫ్టులో ఎవరో దొంగచాటుగా చూసుకునే హాకీ స్కోరుకీ.
ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడంటారు.
ఇక్కడ ముందొచ్చినా గుమ్మంలో ఆగాల్సిందే.
చెవులకో వేళ, కొమ్ములకో వేళ.

రోలర్ల వాటాకి సరిగ్గా ముందు
పదమూడు మైక్రోసెకన్లు
తలుపులన్నీ మూసేసింది.
ఎవరికీ ఇవ్వలేదు.
యతి దగ్గర ఊపిరి ఆగినట్టు.

ఎన్సియో అడిగాడు, ముప్ఫై ఏళ్లుగా
బర్చి కర్రతో కాగితపు చుట్టని తట్టి
బిగువు చెవితో కొలిచే మనిషి:
"డబ్బు పోసి కొన్న దారిని ఖాళీగా ఉంచుతావా?"
"ఆ ఖాళీలోనే నీ కాగితం నిలబడుతుంది," అంది.
నమ్మలేదు. కర్ర భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

మార్చిలో ఒక రాత్రి తడిమంచు దిగి
యాంటెన్నాని కప్పేసింది.
ఆకాశం మాట ఆగిపోయింది.
పెద్ద గడియారం తన జ్ఞాపకాన్నే నమ్ముకుని నడిచింది,
దాని వెంట పద్నాలుగు గడపలూ, రోలర్లూ, కెమెరా,
అందరూ కలిసి మెల్లగా లోకానికి దూరంగా జరిగారు.
నలభై మైక్రోసెకన్లు తప్పు.
అందరిదీ అదే తప్పు.
కాగితం తెగలేదు.

తెల్లారి చీపురు పట్టుకుని తైమి కప్పెక్కింది.
మంచు ఊడ్చింది. ఆకాశం మళ్లీ పలికింది.
కిందికొచ్చి, ఒక్క గెంతులో సరిదిద్దే మీట మీది చెయ్యి తీసేసింది.
గెంతితే తెగుతుంది.
ఇంతకింత, ఇంతకింత,
మధ్యాహ్నం దాకా పట్టింది
మిల్లు తిరిగి లోకంతో కలవడానికి.

అప్పుడే దిగిన చుట్టని ఎన్సియో
ఆ చివర నుంచి ఈ చివరిదాకా తట్టుకుంటూ వచ్చాడు.
ఒకటే మోత.
ఏమీ అనలేదు.
కర్రని ఆమె చేతికిచ్చి కాఫీకి వెళ్లాడు.